స్తంభం ఎక్కే ముందు

కరెంటు పోతే ముందు తిట్లు తినేది లైన్‌మన్. వచ్చాక అతను ఎవరికీ గుర్తుండడు. విశాఖ కేంద్రంగా ఉత్తరాంధ్రకీ గోదావరి జిల్లాలకీ కరెంటు ఇచ్చే ఈపీడీసీఎల్‌ది తుపాను దారిలో కాపురం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి. వాటిని మళ్లీ నిలబెట్టింది లైన్‌మన్ల చేతులే.

లైన్‌మన్ అసలు పనితనం స్తంభం ఎక్కే ముందే కనిపిస్తుంది. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి, కరెంటు ఆపించి, పని చేసేందుకు అనుమతి, అంటే లైన్ క్లియర్, తీసుకుంటాడు. లైన్‌ను విడదీసే ఏబీ స్విచ్ దించుతాడు. అయినా తీగను నమ్మడు. డిశ్చార్జ్ రాడ్ తగిలించి, ఎర్త్ చేశాకే చెయ్యి వేస్తాడు. ఎవరింటి జనరేటరో వెనక్కి కరెంటు తోస్తే, ట్రాన్స్‌ఫార్మర్ దాటి 11 కేవీ తీగకి ప్రాణం వస్తుంది మరి! ఆ అపనమ్మకమే నాకు గొప్ప విద్యగా తోస్తుంది.

ఇంట్లో జనరేటర్ ఉంటే, దాని కరెంటు వెనక్కి లైన్‌లోకి పోకుండా దయచేసి చేంజోవర్ స్విచ్ పెట్టించండి.