నుదురు, రొమ్ము, ఒక దొంగ చీటీ

గుడ్లగూబను గుర్తించడం చీకటి పడ్డాక చేసే పని అని సాధారణంగా అనుకుంటారు గాని, మధ్య భారతపు టేకు అడవుల్లో తప్ప లోకంలో మరెక్కడా లేని అడవి గుడ్లగూబ పగటి పక్షి. గోరింకంత ఉండే ఈ పిట్ట చలికాలపు ఉదయాల్లో ఆకు రాలిన కొమ్మ చివర ఎండ కాచుకుంటూ, బల్లుల కోసం, ఎలుకల కోసం నేలను కనిపెట్టుకుని ఉంటుంది.

చిక్కంతా దీన్ని పోలిన మరో రెంటితోనే. ఊరి చెట్ల తొర్రల్లో కాపురముండే చుక్కల గుడ్లగూబకు నడినెత్తిన పిండి చల్లినట్టు తెల్లని చుక్కలుంటాయి. చారల గుడ్లగూబకు తల నుంచి పొట్ట దాకా సన్నని అడ్డగీతలుంటాయి. చెవికుచ్చులు, అంటే తలపై కొమ్ముల్లా నిలిచే ఈకలు, మూడింటికీ లేవు. అడవి గుడ్లగూబ నుదుటి మీద చుక్కలు దాదాపు కనబడవు, రొమ్ము ముదురు గోధుమరంగులో నిండుగా ఉంటుంది, పొట్ట కింది భాగం మచ్చలేని తెలుపు, కాళ్లకు దట్టమైన తెల్లని ఈకలుంటాయి. దూరం నుంచి చుక్కలు చెరిగిపోయినట్టు కనబడవచ్చు కనుక నుదుటి కన్నా రొమ్ముకీ పొట్టకీ మధ్య రంగు మారే ఆ చోటును నమ్మడమే మేలు. బెదిరినప్పుడు తోకను అటూ ఇటూ చురుగ్గా ఆడించే అలవాటు కూడా ఆనవాలే.

ఇంత ఓపికగా చూడవలసిన అవసరాన్ని ఈ పక్షి చరిత్రే చెబుతుంది. 1873లో బ్రిటిష్ పక్షిశాస్త్రవేత్త హ్యూమ్ దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఆ కాలంలో దొరికిన నమూనాలు, అంటే పరిశోధనకు భద్రపరచిన పక్షి చర్మాలు, అన్నీ కలిపి ఏడే. 1884 తర్వాత నూరేళ్లకు పైగా పక్షి జాడే లేదు. 1914లో గుజరాత్‌లోని మాండ్విలో దొరికిందంటూ బ్రిటిష్ సైనికాధికారి, పక్షుల సేకర్త మైనెర్ట్‌జాగెన్ చూపినది నిజానికి డేవిడ్‌సన్ అనే మరో సేకర్త మహారాష్ట్రలోని ఖాందేశ్‌లో సేకరించిన పాత చర్మం. మైనెర్ట్‌జాగెన్ దాన్ని దొంగిలించి, రూపం మార్చి, తేదీ, చోటు మార్చి రాసిన కొత్త చీటీ కట్టాడు. వెతికేవాళ్లను తప్పుదారి పట్టించిన ఆ చీటీ పక్షికి చేసిన ద్రోహం చిన్నది కాదు.

ఆ చీటీని పక్కన పెట్టి, నిజమైన పాత నమూనాలు దొరికిన ప్రాంతాలనే పట్టుకుని వెతికిన పమేలా రాస్‌ముస్సెన్, బెన్ కింగ్, డేవిడ్ అబ్బాట్‌లకు 1997 నవంబరు 25 ఉదయం, అదే ఖాందేశ్‌లోని షహాదా దగ్గర, ఒక చెట్టు మీద చిన్న గుడ్లగూబ కనిపించింది. ఎండ దాని మీదే పడుతోంది. నుదుటి మీద చుక్కల్లేవు.