ఎదుట కూర్చున్నవాడు

ఢిల్లీ శివార్లలో వైశాలి మేడల వరుసలు దాటి సాహిబాబాద్ కర్మాగారాల వైపు పోతే ఝండాపూర్ అనే కార్మికవాడ వస్తుంది. 1989 జనవరి 1న అక్కడ జన నాట్య మంచ్ వారు ‘హల్లా బోల్’ ఆడుతుండగా దాడి జరిగినది. రామ్ బహదూర్ అనే కార్మికుడు హతుడైనాడు. ఆ బృందానికి సారథియైన సఫ్దర్ హాష్మీ మరునాడు కన్నుమూసినాడు. 4వ తేదీన మలయశ్రీ హాష్మీ, సహనటులు అదే చోట నిలిచి, ఆగిన నాటకాన్ని ఆడి ముగించినారు.

ఇంతటి త్యాగం ఎదుట విమర్శకుని కలం జంకుతుంది. జంకరాదు. దాడివల్ల దాడి చేసినవారి స్వభావం తెలుస్తుంది గాని నాటకం బలం తెలియదు. రెచ్చగొట్టే నాటకం అంటున్నాము. సరే, రెచ్చిపోవలసినది ఎవరు? అక్కడ లేని యజమానియా, ఎదుట నేలమీద కూర్చున్న ప్రేక్షకుడా?

1978లో వీరు ఆడిన ‘మెషీన్’కు మూలం ఘజియాబాద్‌లోని ఒక కర్మాగారంలో జరిగిన కాల్పులు. కార్మికులు అడిగినది సైకిళ్లు నిలుపుకొనేందుకు చోటు, టీ తాగేందుకు ఒక క్యాంటీను. పావుగంట కూడ పట్టని ఆ నాటకంలో తెర లేదు, రంగాలంకరణ లేదు. నటుల దేహాలే యంత్రమై తిరిగి, చటుక్కున ఆగిపోతాయి. రూపానికి వంక పెట్టలేము. అయినా కార్మిక ప్రేక్షకుడు తాను ముందే నమ్మినదానిని మరింత ధైర్యంతో నమ్మి ఇంటికి పోతాడు.

మరుసటి ఏట వచ్చిన ‘ఔరత్’ అతనిని ఆ ఇంటివరకు వెంబడించినది. సమ్మెలో తన ప్రక్కన నిలిచే స్త్రీని గుమ్మం లోపల ఎట్లా చూస్తున్నావని అడిగినది. వేలు ఇప్పుడు యజమాని వైపు మాత్రమే లేదు. శత్రువును తిట్టడంకన్న మిత్రుని నొప్పించడం కష్టం. నా దృష్టిలో ఈ బృందం చేసిన పెద్ద సాహసం ఇదే.

మనకిది కొత్త కాదు. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైన ‘కన్యాశుల్కం’ ఆడపిల్లలను అమ్ముకొనే అగ్రహారీకులను ఎండగట్టి ఊరుకొన్నట్లయితే, ఇంగ్లీషు చదివినవారు చప్పట్లు కొట్టి లేచిపోయేవారు. గురజాడ గిరీశాన్ని పెట్టి, సంస్కరణ మాటలు వాని నోటనే పలికించినాడు. విస్తరించిన 1909 కూర్పులో వాడు మరీ పెరిగినాడు. నవ్విన సంస్కర్తకు ఎక్కడో తన గొంతే వినిపించి ఉండాలి. సుంకర, వాసిరెడ్డిల ‘మా భూమి’ (1947) జనాన్ని ఉర్రూతలూపినది, నిషేధానికి గురియైనది. కాని అది ‘మెషీన్’ కోవలోనిదే.

ఝండాపూర్‌లో ఏటా జనవరి 1న నాటకం ఆడుతూనే ఉన్నారు. నా చూపు మాత్రం ఆ మేడల వైపు పోతుంది. సభలో సమానత్వాన్ని మెచ్చుకొని, ఇంట పనిమనిషికి వేరే గ్లాసు ఉంచే చదువరులు మన నగరాలన్నింటా ఉన్నారు. ఆ గ్లాసును తెచ్చి రంగం మీద, వారి కళ్లయెదుట పెట్టే నాటకాన్ని తెలుగులో ఎవరు వ్రాస్తున్నారు?