వసతిపాఠశాల చరిత్రయు బాలుని చరిత్రయు

పాఠశాలల చరిత్రలు వ్రాయువారు తరచుగా కట్టడముల చరిత్ర వ్రాసి విరమించుచున్నారు. శంకుస్థాపన మే దినమున జరిగినదో, మేడ యెవరి దానమో మనకు దెలియును. ఆ మేడలో నిద్రించిన పిల్లవాని మాట మాత్రము తెలియదు. నెల్లూరు తీరప్రాంతమున కథోలిక సంఘమువారి బాలుర వసతివిద్యను గూర్చి, ముఖ్యముగా గురువృత్తికి బాలుర నాయత్తపరచు ప్రాథమిక గురువిద్యాలయమను పద్ధతిని గూర్చి, యీ లోపమును విచారింపదలచితిమి. మతమును ఖండించుటయు, దానికి వత్తాసు పలుకుటయు మా యుద్దేశము కాదు. పరాయిపంచను పెరుగు బిడ్డ క్షేమమే మాకు ప్రధానము.

ఈ పద్ధతికి మూలము 1563లో ట్రెంటు మహాసభ చేసిన శాసనము. పండ్రెండేండ్లకు తక్కువకాని, చదువను వ్రాయను నేర్చిన బాలురను చేర్చుకొనవలెననియు, అందును బీదల బిడ్డలనే ముఖ్యముగా నెన్నుకొనవలెననియు, ధనికుల బిడ్డలు తమ వ్యయమును తామే భరింపవలెననియు ఆ సభ విధించెను. 1866లో లండనున స్థాపితమైన మిల్‌హిల్ సంఘపు గురువులు 1875లో మదరాసు చేరి తెలుగు మండలములలో పనికి పూనుకొనిరి. 1928లో నెల్లూరు ప్రత్యేక మేత్రాసనమైనది. విలియం బౌటరుగారు దాని ప్రథమ పీఠాధిపతి. ఈ తీరమున నిట్టి ప్రయత్నము వీరిదొక్కటియే కాదు. 1840 నుండి నెల్లూరున పనిచేయుచుండిన అమెరికను బాప్టిస్టులు 1872లో రామాయపట్టణమున బోధకులను తయారుచేయు విద్యాలయమును నెలకొల్పిరి.

పల్లెలో అరుగుమీదికి గూడ రానీయబడని కులమున బుట్టిన బాలునికి బల్లయు, పుస్తకమును, వేళకు నన్నమును దొరకుట సామాన్యమైన మేలు కాదు. బీదల నెన్నుకొనుమన్న శాసనము మెచ్చదగినది. ఐనను మెప్పుతో విమర్శ ముగియదు. భోజనశాల యున్నదని వ్రాసిన చాలదు. అందు అన్ని కులముల బాలురును ఒకే పంక్తిని గూర్చుండిరా యని చెప్పవలెను. ఒకే దేవుని పూజించియు వేరువేరు వరుసలలో గూర్చుండిన సంఘములు మన దక్షిణదేశమున లేకపోలేదు. పడకగది పొడవు చెప్పిన చాలదు. రాత్రి తల్లిని దలచి యేడ్చిన పసివాని నోదార్చువా రెవరో చెప్పవలెను. ఇక ఈ తీరమున మంచినీళ్ల బావియు, గట్టి పైకప్పును అన్నిటికంటె ముందు చూడవలసినవి. 1984 నవంబరు తుపాను శ్రీహరికోట ప్రాంతమును దాకినప్పటి బీభత్సమును ఇచ్చటి పెద్దలు మరచియుండరు.

చదువు మాట యంతకంటె ముఖ్యమైనది. ఒకప్పటి నెల్లూరు మండలమువారే యగు వెన్నెలకంటి సుబ్బారావుగారు 1820లో మదరాసు పాఠ్యపుస్తక సంఘమువారికి నివేదిక వ్రాయుచు, మన బడులలో బాలురు అర్థము తెలియకయే వల్లించుచున్నారని చెప్పిరి. నాటి దోషము వీధిబడులకే పరిమితమని యనుకొనరాదు. లాటిను ప్రార్థనను వల్లించుటయు, అర్థమెరుగక పద్యమును వల్లించుటయు నొక్కటియే. గంట మ్రోగగనే లేచి, గంట మ్రోగగనే చదివి, గంట మ్రోగగనే నిద్రించు బాలునకు క్రమము పట్టుపడును. ప్రశ్నించు నలవాటు పట్టుపడినదా యని యెవరు పరీక్షించిరి?

మా ముఖ్యమైన యాక్షేపణ వేరొకటి కలదు. పండ్రెండవ యేట, తన మనసు తనకే తెలియని వయసున, బాలుడు జీవితాంతపు వ్రతమునకై ప్రవేశించుచున్నాడు. ప్రవేశించినవారందరును గురువులగుట లేదు. నడుమ తిరిగివచ్చినవానిని ఊరు ఓడిపోయినవానివలె జూచును. తల్లిదండ్రులు తల వంచుకొందురు. అతడు చేసిన తప్పేమి? తన మనసును తా నెరుగుటయే! ఈ సంగతి రోమనుసభయే గుర్తించినది. 1965 అక్టోబరు 28న రెండవ వాటికను మహాసభ ప్రకటించిన గురువిద్యాశాసనమున, బాలురు తమ వయసునకు దగిన జీవితము గడపవలెననియు, కన్నవారితో సంబంధము చెడరాదనియు, వేరు వృత్తి నెన్నుకొన్నచో నష్టము లేక యితరత్ర చదువు కొనసాగించునట్లు పాఠక్రమ ముండవలెననియు చెప్పబడినది. కాబట్టి మేము బయటివారి కొలబద్దను తెచ్చి కొలుచుట లేదు. వారి కొలబద్దతోనే కొలువుడని కోరుచున్నాము.

బిడ్డను పంపబోవు తల్లిదండ్రులు మేడలను జూచి మురిసిపోక, కొన్ని ప్రశ్న లడుగవలెను. బిడ్డ యెప్పుడు ఇంటికి రావచ్చును? వాని యుత్తరమును మరియొకరు చదువుదురా? వానికి కీడు జరిగినచో ఎవరితో చెప్పుకొనును? బాలలపై లైంగిక దౌర్జన్యమును గూర్చి తెలిసినవారు అధికారులకు దెలుపవలెనని 2012 నాటి చట్టము విధించినది. పూజ్యులను కాపాడుటకై దానిని మరుగుపరచుట ధర్మము కాదు.

ఇకమీద చరిత్ర వ్రాయువారు గురువులైనవారి పట్టిక ప్రక్కన, తిరిగివెళ్లి ఉపాధ్యాయులో, రైతులో, గుమాస్తాలో యైనవారి సంగతియు వ్రాయుదురు గాక. విద్యాలయముయొక్క నిజమైన కీర్తి గోపురమున లేదు; దాని ద్వారమునుండి వెలుపలికి వచ్చిన బాలుడు తల యెత్తుకొని నడచుటలో నున్నది.