పాట – బాట

పాట వలన భాష వచ్చునా? ఈ ప్రశ్న అడిగినంతనే మన పెద్దలు తడుముకొనక "వచ్చును" అందురు. తమిళదేశమున తరతరములుగ స్థిరపడిన మన కుటుంబములలో పిల్లలకు తెలుగు చదువు దూరమైనది. 2006వ సంవత్సరపు చట్టముతో పాఠశాలలలో తమిళము క్రమముగ తప్పనిసరి అయిన పిమ్మట ఆ దూరము మరింత పెరిగినది. కాని సంగీతపాఠము మాత్రము దూరము కాలేదు. కావున త్యాగరాజస్వామివారి కృతులే మన ఇండ్లలో తెలుగును నిలుపునని మనకొక నమ్మిక కలదు. ఆ నమ్మికను పరీక్షించుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము. మేము పండితులము కాము. మెట్రిక్యులేషను వరకు చదివి, గుమాస్తా పని చేసి, విశ్రాంతి పొందినవారము. అయినను ఇంట జరిగినది చెప్పుటకు పాండిత్యముతో పని లేదు గదా.

మా మనుమరాలు ఎనిమిదేండ్లుగ సంగీతము నేర్చుకొనుచున్నది. ఒకనాడు రాజమహేంద్రవరమునుండి వచ్చిన బంధువొకరు ఆ పిల్లచేత పాడించుకొని సంతోషించి, "బాగా పాడావమ్మా! ఇంతకీ ఈ చరణంలో త్యాగయ్యగారు రాముణ్ణి ఏమడుగుతున్నారు?" అనిరి. పిల్ల మా ముఖము చూచినది. మేము మా ఇంటివారి ముఖము చూచితిమి. ఆమె కాఫీ నెపమున వంటయింటిలోనికి పోయినది. ఆ కృతిని మేము నలువదియేండ్లుగ వినుచున్నాము; తల యూపుచున్నాము. అర్థము మాత్రము మాకును తెలియదని ఆనాడు తెలిసినది.

కచేరీలో మేము వేలకొలది కాగితములకు నకళ్లు వ్రాసితిమి. నకలు వ్రాయువానికి కాగితములోని వ్యవహారము తెలియవలెనను నియమము లేదు. అక్షరము తప్పకున్న చాలును. మన పిల్లలు నేర్చుచున్న సంగీతమున తెలుగు గతి ఇట్లే యున్నది. ఒక్కొక్కప్పుడు అక్షరమైనను సరిగ నుండదు. తమిళలిపిలో ప, బ లకు ఒకటే అక్షరము. ట, డ లకును ఒకటే. కావున మన "పాట"యు "బాట"యు ఆ లిపిలో ఒకే రూపమున నుండును. అచ్చుపుస్తకముల వారు ఈ చిక్కు నెరిగి అక్షరములకు 1, 2, 3, 4 అంకెలను జోడించి భేదము చూపుదురు. పిల్లలు నోటుపుస్తకములో ఎక్కించుకొనునప్పుడు ఆ అంకెలు జారిపోవును. అక్షరముతో అర్థమును జారిపోవును. పంచరత్నకృతులలో నాటరాగమునందలిది సంస్కృతమనియు, తక్కిన నాలుగును తెలుగనియు మా మనుమరాలికి తెలియదు. ఐదును ఆ పిల్లకు ఒకే భాష. అది స్వరముల భాష.

ఇందు కృతుల లోపమేమియు లేదు. భాష నేర్పుటకు వానికంటె తగిన సామగ్రి దొరకుట కష్టము. త్యాగరాజస్వామి (1767–1847) తిరువారూరున జన్మించి తిరువయ్యారున జీవించిరి. అనగా వారును మనవలె తమిళగడ్డపై ఇంట తెలుగు నిలుపుకొన్న కుటుంబమువారే. వారు రాముని ముందు నిలిచి శాస్త్రోపన్యాసము చేయలేదు. పిలిచిరి, అలిగిరి, నిలదీసిరి, బుజ్జగించిరి. ప్రశ్న, సంబోధన, వేడుకోలు, ఎత్తిపొడుపు, అన్నియు మాటలాడు తెలుగు తీరుననే యున్నవి. క్షేత్రయ్య పదములును అంతే. అవి నాయికయు చెలికత్తెయు ఆడుకొను మాటలు. ఇట్టి సంభాషణను చేతనుంచుకొని, అందలి మాటను విడిచి రాగమునే పట్టుకొనుట మన లోపము.

పాటతోను పద్యముతోను పరభాష నేర్చినవారు లేకపోలేదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1817లో చెన్నపట్టణమునకు వచ్చి, 1820లో కడపలో ఉద్యోగమున చేరెను. కచేరీలో రైతుల మాట చెవిని పడుచుండగ, అదే మాట వేమన పద్యములలో ఆయనకు కనబడెను. ఆయన వానిని వల్లించి ఊరకొనలేదు. తాళపత్రప్రతులు తెప్పించి, పాఠభేదములు పోల్చి, అర్థము విచారించి, 1829లో ఇంగ్లీషు అనువాదముతో ప్రకటించెను. తరువాత వ్యాకరణమును, నిఘంటువును రచించెను. పద్యము ఆయనకు ద్వారము. ఆ ద్వారము దాటి ఆయన ఇల్లంతయు చూచెను. మనము ఇంటివారమై యుండియు ద్వారబంధమునకు తోరణము కట్టి వెలుపలనే నిలిచితిమి.

తంజావూరు సీమలోని మెలట్టూరు మరియొక ఉదాహరణము. అచట నరసింహజయంతి వేళ భాగవతమేళ నాటకములు జరుగును. వేంకటరామశాస్త్రి రచించిన "ప్రహ్లాదచరిత్రము" మొదలగునవి తెలుగు నాటకములు. ఆడువారును చూచువారును నిత్యము తమిళము మాటలాడువారే. అయినను హిరణ్యకశిపుని కోపపు మాట కోపముతోనే పలుకవలెను. లీలావతి శోకము కంట కనబడవలెను. అర్థమెరుగనివాడు అభినయింపజాలడు. కావున నాటకము నటుని అర్థమువద్దకు నెట్టును. కచేరీపాట గాయకుని అంతగ నెట్టదు. ఇది మేము గమనించిన ముఖ్యభేదము.

1943లో తమిళ ఇసై సంఘము స్థాపింపబడిన కాలమున, వినువానికి తెలిసిన భాషలో పాడవలెనను వాదము ప్రబలమయ్యెను. తెలుగుకృతులకు తక్కువ చేయుచున్నారని మనవారు నొచ్చుకొనిరి. ఆ నొప్పిని మేమెరుగుదుము. కాని తెలియని మాటను పాడుట గాయకునకును వినువానికిని లోటే యనుట న్యాయమైన మాట. ఆ లోటు తమిళులకే గాదు, తెలుగువారమైన మనకును కలదని మా మనుమరాలు చూపినది.

పాట చాలదనుకొని, మొన్నటి వేసవిలో ఆ పిల్లను వెంటబెట్టుకొని రాజమహేంద్రవరము పోతిమి. మొదటి రెండు దినములు ఎవరేమడిగినను పిల్ల మా చాటున నిలిచినది. మన ఇంటి తెలుగునకు అచట నవ్వుదురేమో యని దానికి భయము. మాకును లోలోపల అదే భయము. పిమ్మట పిల్లలతో ఆటలలో పడి, కావలసినది తానే అడుగజొచ్చినది. బయలుదేరునాడు ఇంటి ముసలమ్మగారు పిల్ల చేయి పట్టుకొని, "మమ్మల్ని మరవకమ్మా" అనిరి. బండి యెక్కినపిదప పిల్ల మా చెవిలో, "తాతా, మరవడమనే మాట నా పాటలో ఉంది" అన్నది. ఎనిమిదేండ్లుగ పాడుచున్న మాటకు ఆనాడు అర్థము కుదిరినది. ఒక మనిషి కంట నీటితో పలికినందున ఆ మాట పిల్లకు అందినది.

కావున మా అభిప్రాయమిది. పాట ఒంటరిగ భాషను నేర్పజాలదు. నోటిని, చెవిని సిద్ధపరచును. దానికి అర్థమును, మనుష్యులను మనము చేర్పవలెను. కృతి నేర్పుటకు ముందు మాటలు విడదీసి చదివించి, ప్రతిపదార్థము చెప్పింపుడు. సాహిత్యమును తెలుగులిపిలోనే వ్రాయింపుడు. కొలదికాలములో అక్షరములు వచ్చును. ఆ కృతిలోని రెండు మాటలనైన ఆ వారము ఇంట వాడుడు. ఏటికొకసారి తెలుగుసీమకు పిల్లలను తీసికొనిపోవుడు. పోలేనివారు పొరుగూరి తెలుగు కుటుంబమున రెండు దినము లుంచుడు. మన సంఘములు పాటలపోటీలో బహుమతి నిచ్చుటకు ముందు, "దీని అర్థమేమమ్మా?" అని ఒక ప్రశ్న చేర్చిన చాలును. ఆ ప్రశ్నకు ముందుగ తాతలు సిద్ధపడవలసియుండును. మేము ఇపుడు ఆ పనిలోనే యున్నాము. మనుమరాలి ప్రక్కనే కూర్చుండి ప్రతిపదార్థము వ్రాసికొనుచున్నాము.