అవతారం చాలించాక

మన ఇళ్లలో 'అవతారం' అనే మాట దేవుళ్ల మీద కంటే పిల్లల మీదే ఎక్కువ వాడతారు. రాత్రంతా మేలుకుని, చెదిరిన జుట్టుతో, అన్నయ్య పాత టీషర్టు తొడుక్కుని గదిలోంచి బయటికొస్తే మా అమ్మ "ఏంటే ఆ అవతారం?" అనేది. అదే మాట 1985లో 'అల్టిమా 4' అనే కంప్యూటర్ గేమ్ పేరులోకి ఎక్కింది. ఆ తర్వాత లూకాస్‌ఫిల్మ్ వాళ్ల 'హాబిటాట్' అనే ఆన్‌లైన్ లోకంలో, తెర మీద మన తరఫున తిరిగే బొమ్మకి పేరయింది. 1992లో నీల్ స్టీఫెన్‌సన్ నవల 'స్నో క్రాష్' వచ్చాక అందరి నోళ్లలో పడింది. ఇంతా చేసి వాళ్లు సగమే తీసుకెళ్లారు. తెలుగులో అవతారం ఎత్తడమూ ఉంది, చాలించడమూ ఉంది. ఎత్తడం గురించి గేమ్ కంపెనీలు బోలెడు ఆలోచించాయి. ముక్కు పొడవు, జుట్టు రంగు, చెవిపోగు అన్నీ మన చేతిలోనే పెట్టాయి. చాలించడం సంగతి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

బెంజమిన్ రీ తీసిన నార్వే డాక్యుమెంటరీ 'ఇబెలిన్' ఆ రెండో సగం గురించిన సినిమా. 2024 జనవరిలో సండాన్స్‌లో మొదటిసారి చూపించారు, ఆ అక్టోబరులో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. ఇంగ్లీషులో దాని పేరు 'ద రిమార్కబుల్ లైఫ్ ఆఫ్ ఇబెలిన్'. నేను రెండుసార్లు చూశాను. మొదటిసారి ఏడ్చాను. రెండోసారి కొంచెం కోపం కూడా వచ్చింది. ఆ రెండూ ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

కథ చాలామందికి తెలిసే ఉంటుంది. మాట్స్ స్టీన్ 1989లో పుట్టాడు. డుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ అనే జన్యు సంబంధమైన జబ్బు. ఒంట్లో కండరాలు ఏడాదికేడాది బలం కోల్పోతూ ఉంటాయి. చిన్నతనంలోనే చక్రాల కుర్చీ వచ్చింది. పెద్దయ్యాక ఇంట్లో కంప్యూటర్ ముందే ఎక్కువ కాలం గడిపాడు. 2014 నవంబరులో, 25 ఏళ్ల వయసులో చనిపోయాడు. స్నేహితులు లేకుండా, ప్రేమ తెలియకుండా, ఎవరి జీవితంలోనూ తన గుర్తంటూ మిగల్చకుండా కొడుకు వెళ్లిపోయాడని అమ్మానాన్నల దుఃఖం. అతను రాసుకునే బ్లాగు పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరుంది. నాన్న అందులో మరణవార్త పెట్టాడు. ఆ తర్వాత ముక్కూ మొహం తెలియని వాళ్ల నుంచి ఈమెయిళ్లు రావడం మొదలైంది. అంత్యక్రియలకు యూరప్‌లోని వేర్వేరు దేశాల నుంచి మనుషులొచ్చారు. వాళ్లంతా 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్'లో అతనితో కలిసి తిరిగినవాళ్లు, 'స్టార్‌లైట్' అనే గిల్డ్ సభ్యులు. వాళ్లకి అతను మాట్స్ కాదు, ఇబెలిన్. బలమైన భుజాలున్న డిటెక్టివ్, ఆడవాళ్లతో సరసమాడే ఒక పెద్దమనిషి.

సినిమా ఈ కథని రెండుసార్లు చెబుతుంది. దాని తెలివంతా అక్కడే ఉంది. మొదట ఇంట్లో తీసిన వీడియోలు. పిల్లాడు నడవడం, పడిపోవడం, కుర్చీలోకి మారడం, కుర్చీ గదికే పరిమితం కావడం. అమ్మానాన్నలు చూసిన జీవితం అది. ఆ తర్వాత సినిమా వెనక్కి వెళ్లి, అవే సంవత్సరాలని ఈసారి తెర లోపలి నుంచి మొదలుపెడుతుంది. గిల్డ్ దాచుకున్న వేల పేజీల సంభాషణల్ని తీసుకుని, గేమ్ బొమ్మలతోనే యానిమేషన్ చేశారు. మాట్స్ బ్లాగు రాతల్ని ఒక నటుడి గొంతు చదువుతుంది. మొదటి భాగంలో మనకి వెనక నుంచి కనబడ్డ ఆ తల, ఆ మానిటరు వెలుగు, రెండో భాగంలో ఒక ఊరికి వాకిలి అవుతుంది.

ఆ ఊరిని కాస్త పరిచయం చేయాలి, ఎందుకంటే సినిమా దాన్ని త్వరగా దాటేస్తుంది. వార్‌క్రాఫ్ట్ 2004లో మొదలైంది. అప్పట్లో అందులో అవతారాన్ని మలుచుకోవడానికి ఉన్న అవకాశాలు ఈనాటి లెక్కలో చాలా తక్కువ. మనిషి జాతి మగ పాత్ర తీసుకుంటే కొన్ని ముఖాలు, కొన్ని చర్మం రంగులు, కొన్ని జుట్టు కత్తిరింపులు, గడ్డాలు. అంతే. శరీరం అచ్చు ఒక్కటే. లావూ సన్నమూ లేదు, పొట్టీ పొడుగూ లేదు. ఒక ఏడాది ముందు, 2003లో వచ్చిన 'సెకండ్ లైఫ్'లో గడ్డం వంపు దగ్గర్నుంచి అన్నీ జరుపుకోవచ్చు, బట్టలు మనమే కుట్టి అమ్ముకోవచ్చు కూడా. వార్‌క్రాఫ్ట్‌లో అదేమీ లేదు. ఒక చౌరస్తాలో నిలబడితే మనలాంటి ముఖాలే పది కనబడతాయి.

మరి ఇబెలిన్ ఇబెలిన్ ఎలా అయ్యాడు? రోల్‌ప్లే సర్వర్లలో మనిషిని ముఖంతో కాదు, తీరుతో గుర్తుపడతారు. కత్తులూ కవచాలూ కాకుండా ఊళ్లో తిరగడానికి వేరే బట్టలు దాచుకుంటారు. మిగతా గేమర్లంతా పరిగెడుతుంటే వీళ్లు చాలామంది నడక మీట నొక్కి వీధుల్లో నింపాదిగా నడుస్తారు. 'తల వంచి నమస్కరించాడు', 'నవ్వాపుకున్నాడు' అని చేష్టల్ని వాక్యాలుగా టైపు చేస్తారు. ఎంత తొందరగా జవాబిస్తావు, ఏ సమయానికి వస్తావు, ఎవరి పక్కన కూర్చుంటావు, ఎవరి బాధ వింటావు అన్నవే అక్కడ ముక్కూ కళ్లూ. మాట్స్‌కి రోజూ ఒక పద్ధతి ఉండేది. లాగిన్ కాగానే కాసేపు ఇబెలిన్‌ని పరిగెత్తించేవాడు. ఇప్పటికీ ఏటా అతని స్మృతిలో స్టార్‌లైట్ సభ్యులంతా కలిసి పరిగెత్తుతారు. కాళ్లు కదలనివాడు పరుగు కోరుకున్నాడు అని దీన్ని తేలిగ్గా చదివేయొచ్చు. నాకు మాత్రం అది పొద్దున్నే వీధి చివరిదాకా వెళ్లొచ్చే తాతయ్యల అలవాటులా కనబడింది. తన ఊరు ఎలా ఉందో చూసుకుని రావడం.

సినిమా గొప్పగా పట్టుకున్నవి ఈ చిన్న విషయాలే. రూమర్ అనే పాత్ర ఇబెలిన్ టోపీ లాక్కుని పరిగెత్తడంతో వాళ్ల స్నేహం మొదలవుతుంది. ఆ అమ్మాయి దగ్గర్నుంచి తల్లిదండ్రులు కంప్యూటర్ తీసేసుకుంటే మాట్స్ వాళ్లకి ఉత్తరం రాస్తాడు. ఇంకో తల్లికి, ఆటిజం ఉన్న కొడుకుని దగ్గరికి తీసుకోవడమే కుదరని స్థితి. గేమ్‌లో కలిసి ఆడమని మాట్స్ సలహా ఇస్తాడు. ఆ కొడుకు అవతారం ఆ తల్లి అవతారాన్ని కౌగిలించుకుంటుంది. "బొమ్మలు కౌగిలించుకుంటే ఏమొస్తుంది?" అనేవాళ్లు ఆ తల్లి మాట్లాడుతున్నప్పుడు ఆమె ముఖం చూడాలి.

అయితే, నా మొదటి ఫిర్యాదు ఆ యానిమేషన్ మీద. అది మరీ అందంగా ఉంది. ఆ రోజుల్లో ఆ పాత్రలు చెక్కబొమ్మల్లా కదిలేవి, ఒకరిలోంచి ఒకరు దూరిపోయేవి. కౌగిలింత అంటే తెర మీద ఒక వాక్యం మాత్రమే. సినిమాలో ఇబెలిన్ చూపు తిప్పుతాడు, కెమెరా అతని భుజం మీదికి వస్తుంది, సాయంత్రపు ఎండ పడుతుంది, సంగీతం లేస్తుంది. గేమ్ తెలియని ప్రేక్షకుడికి ఇది అవసరమే, ఒప్పుకుంటాను. కానీ ఒక నిజం దీనివల్ల తప్పిపోయింది. ఆ లోకంలో అందం బొమ్మలో లేదు, దాన్ని నింపుకున్న చదువరిలో ఉంది. టైపు చేసిన ఒక్క వాక్యం చదివి బుగ్గ మీద ముద్దు తగిలినట్టు అనిపించడం నవల చదివే వాళ్లకి కొత్త అనుభవం కాదు. మాట్స్, అతని స్నేహితులూ ఏళ్ల తరబడి కలిసి రాసిన పెద్ద నవల అది. సినిమా దాన్ని చదివించకుండా చూపించేసింది. కాసేపైనా నల్ల తెర మీద ఆ అక్షరాలు ఒక్కొక్కటిగా పడటం, మధ్యలో జవాబు ఆలస్యమవడం చూపించి ఉంటే ఎంత బావుండేది! చివరి ఏళ్లలో వేళ్ల చిన్న కదలికతో ప్రత్యేక పరికరాల మీద ఆడిన మనిషి అతను. ఆ ఆలస్యంలోనూ ఒక కథ ఉంది.

దాపరికం విషయంలో సినిమా నిజాయితీగానే ఉంది. మాట్స్ తన జబ్బు గురించి గిల్డ్‌లో ఏళ్ల పాటు చెప్పలేదు. గొంతు వినిపించలేదు, వీడియోలోకి రాలేదు. అందరి కష్టాలూ వింటాడు, తన సంగతి వచ్చేసరికి మాట మార్చేస్తాడు. దగ్గరైనవాళ్లని గాయపరిచేలా ప్రవర్తించిన రోజులూ ఉన్నాయి. సినిమా అవీ దాచలేదు. చివరికి ఒకరితో చెప్పుకుంటాడు, ఆపైన బ్లాగు ద్వారా మిగతావాళ్లకీ తెలుస్తుంది. ఇక్కడ సినిమా ఊపిరి పీల్చుకుంటుంది, ఇప్పుడు 'అసలు' మనిషి బయటపడ్డాడు అన్నట్టుగా.

నాకు అంత తేలిగ్గా ఊపిరాడలేదు. ఇంజినీరింగ్ రోజుల్లో నేనూ ఒక ఆన్‌లైన్ గేమ్ ఆడేదాన్ని, మగ అవతారంతో. మొదట అమ్మాయి బొమ్మే పెట్టుకున్నాను. వారంలోనే "నిజంగా అమ్మాయివేనా, ఏ ఊరు, ఫొటో పెట్టు" మొదలైంది. మీసాలు పెట్టుకున్నాక అవన్నీ ఆగిపోయాయి. నేను కోట కట్టే పద్ధతి గురించి, నా జోకుల గురించి మాట్లాడటం మొదలైంది. ఆ మీసాలు అబద్ధమే. ఆ మీసాల వెనక నేను మాట్లాడినవేవీ అబద్ధాలు కావు. మాట్స్ కూడా తన గేమ్ గురించి ఇలాంటిదే రాసుకున్నాడు. అక్కడ తన వైకల్యం అడ్డు కాదనీ, తనకి నచ్చినట్టు ఉండగలననీ. జాలి పడే కళ్లు ముందు కుర్చీని చూస్తాయి, మనిషి దాకా రావు. ఆ వరసని తిప్పేయడానికి అతనికి దొరికిన ఒకే దారి ఇబెలిన్. కాబట్టి 'అసలు మాట్స్ ఎవరు?' అన్నదే తప్పు ప్రశ్న. మనిషిని ముందు ఏ వైపు నుంచి చూడాలో నిర్ణయించే హక్కు ఎవరిది? అడగాల్సింది అది. టామ్ బోయెల్‌స్టోర్ఫ్ అనే మానవశాస్త్రవేత్త సెకండ్ లైఫ్ మీద 2008లో పుస్తకం తెచ్చాడు. దాని కోసం ఆ లోకంలోనే తిరిగి, అక్కడి మనుషుల్ని అక్కడే కలిసి పరిశోధన చేశాడు. బయటికొచ్చి సరిచూసుకుంటే తప్ప ఆ జీవితాలకి విలువ లేదన్న ఊహనే ఆయన కాదన్నాడు. రీ సినిమా మాత్రం ఎప్పుడూ బయటి సాక్ష్యం వెతుక్కుంటుంది.

ఇక నా కోపం సంగతి. నార్వేలో ఈ సినిమా పేరు ఒట్టి 'ఇబెలిన్'. ఇంగ్లీషులో 'రిమార్కబుల్ లైఫ్' అయింది. విశేషమైన జీవితం. ఎందుకు విశేషం? ఒక తల్లికీ కొడుక్కీ మధ్య దారి వేశాడు, ఒక అమ్మాయికి అండగా నిలిచాడు, అంత్యక్రియలకి విదేశాల నుంచి వచ్చారు. అంటే ఆ గంటలన్నీ వృథా కాలేదని సినిమా మనకి లెక్క అప్పజెబుతోంది. ఒకవేళ మాట్స్ ఎవరికీ ఏ మేలూ చేయకుండా, ఊరికే టోపీ పెట్టుకుని, సరదాగా పోట్లాడుకుని, పరిగెత్తి పడుకున్నాడనుకోండి. అప్పుడు అమ్మానాన్నల మొదటి దుఃఖమే సరైనదా? రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకున్న మా తాతయ్యని, నువ్వు ఎంతమందిని ఉద్ధరించావని ఎవరూ అడగలేదు. ఆయన పోయినప్పుడు ఆ అరుగు మనుషులు వచ్చారు, అదే చాలింది. వైకల్యం ఉన్నవాడి జీవితానికి మాత్రం మనం రసీదులు అడుగుతాం. ఈ సినిమా చాలా ప్రేమగానే, కానీ అడుగుతుంది.

అయినా ఏడ్చాను కదా. దానికి కారణం సినిమాలో లేదు. నేనాడిన గేమ్‌లో ఎప్పుడూ ఎర్ర మఫ్లర్ కట్టుకుని వచ్చే ఒక అవతారం ఉండేది. మూడేళ్లు దాదాపు రోజూ కలిశాం. నా మీసాల గుట్టు చెప్పింది తనొక్కరికే. "నాకు ముందే తెలుసు, నువ్వు వంటింటికి కిటికీలు పెడతావు" అని జవాబొచ్చింది. ఒక మార్చిలో తను రావడం మానేసింది. లేదా మానేశాడు. అదీ నాకు తెలియదు. పరీక్షలై ఉంటాయి, ఉద్యోగం వచ్చి ఉంటుంది, పెళ్లయి ఉంటుంది, విసుగొచ్చి ఉంటుంది. ఇంకేదైనా అయి ఉంటుంది. స్నేహితుల జాబితాలో ఆ పేరు పక్కన 'ఆఫ్‌లైన్' అని చాలాకాలం కనబడింది. ఆ తర్వాత ఆ గేమ్ సర్వర్లే మూసేశారు.

మాట్స్‌కి నాన్న దగ్గర పాస్‌వర్డ్ ఉంది. గిల్డ్ దగ్గర మాటలన్నీ భద్రంగా ఉన్నాయి. వాటిని చదివే ఓపిక ఒక దర్శకుడికి దొరికింది. ఈ మూడూ కలిశాయి కాబట్టి ఈ సినిమా ఉంది. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా స్టార్‌లైట్‌లో ఒక డిటెక్టివ్ ఒకరోజు రాలేదు, అంతే. బెంజమిన్ రీ సినిమా చివర్లో ఆ స్నేహితులు సమాధి దగ్గర నిలబడితే నాకు వాళ్ల మీద అసూయ కలిగింది. నిలబడటానికి వాళ్లకి ఒక చోటుంది.

ఈ సినిమా చూడండి. వీలైతే అమ్మానాన్నల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. మా అమ్మతో చూసినప్పుడు ఆమె చివరిదాకా ఏమీ అనలేదు. అయిపోయాక, "నువ్వు ఆ రోజుల్లో రాత్రిళ్లు మాట్లాడేది ఎవరితో?" అని అడిగింది. పేరు తెలియదన్నాను. ఎర్ర మఫ్లర్ గురించి చెప్పాను. అమ్మ కాసేపాగి, "వెతకలేకపోయావా?" అంది.