మర్యాద ఎవరికి దక్కుతోంది?

పెళ్ళిచూపులైన వారానికి "జాతకాలు కుదరలేదండీ" అని కబురొస్తే, ఏ నక్షత్రం అడ్డొచ్చిందని అమ్మాయి తండ్రి ఆరా తీయడు. "సరేనండీ, ఎక్కడ రాసిపెట్టి ఉందో" అంటాడు. కట్నం చాలలేదో, ఇంకో సంబంధం తగిలిందో, అసలు సంగతి రెండువైపులా తెలుసు. నెపం గ్రహాల మీదికి పోయింది కాబట్టి పిల్లకు మాట రాలేదు. రేపు ఏ పెళ్ళిలోనో ఎదురుపడినా రెండు కుటుంబాలూ ఒకే బంతిలో కూర్చుని భోంచేయగలవు. దీన్ని అబద్ధం అనడానికి నాకు మనసొప్పదు.

ఎదుటి మనిషి మొహం చిన్నబోకుండా చూడడమే మన మర్యాద మాటల అసలు పని. చేబదులు అడిగినవాడితో "ఇవ్వను" అనం, "ఈ నెల డబ్బు ఆడటం లేదు" అంటాం. గడప దిగుతున్నవాణ్ణి "ఎక్కడికి?" అనకూడదు కాబట్టి "ఎందాకా?" అంటాం. అతను "ఇలా ఊళ్ళోకి" అని సాగిపోతాడు. పలకరింపూ అయింది, అతని గుట్టూ అతని దగ్గరే ఉంది.

ఈ పనిని ఒక్కో సీమ ఒక్కోలా చేస్తుంది. నేను పుట్టింది కోనసీమలో, కాపురం కరీంనగర్‌లో. మా వైపు "కాఫీ తీసుకుంటారాండీ?" అని అడుగుతారు. "ఇప్పుడే తాగొచ్చామండీ" అనడం ఆనవాయితీ. "అదేం మాటండీ, పాలు పొయ్యి మీద పెట్టేశాను" అని రెండోసారి అంటే కాదనకుండా కూర్చోవాలి. అదే గుమ్మం దాకా సాగనంపుతూ ఒకే ఒక్కసారి "భోంచేసి వెళ్దురు గానీ" అంటే, బయల్దేరమనే అర్థం. మాటకన్నా అది ఎక్కడ నిలబడి అన్నారో, ఎన్నిసార్లు అన్నారో చూసుకోవాలి.

కరీంనగర్‌లో మా పక్కింటి పెద్దమ్మ ఇదేమీ అడగదు. "చాయ్ తాగి పో బిడ్డా" అని గ్లాసు చేతికిస్తుంది. మా చుట్టాలకు అది ఆజ్ఞలా వినిపిస్తుంది. కానీ వచ్చినవాళ్ళు మొహమాటపడే అవసరమే లేకుండా చేసింది ఆమె. "జర కూసోరాదు" అని ఆమె అంటే కూర్చోవద్దని కాదు. కోస్తాలో "కాసేపు కూర్చోకూడదూ?" అని బతిమాలినట్టే. పొద్దున్నే కనిపించి "తిన్నవా?" అంటే బాగున్నావా అని. ఊరికి బయల్దేరితే "పైలం బిడ్డా" అంటుంది. ఇన్ని మాటల్లో ఒక్క "అండీ" లేదు. అది లేనిచోట మర్యాదే లేదన్న భ్రమను మన సినిమాలు ఏళ్ళ తరబడి పెంచాయి. తెలంగాణ యాసను రౌడీలకూ హాస్యపాత్రలకూ అంటగట్టి చాలా అన్యాయం చేశాయి.

ఇంకోవైపు, వినయం ధ్వనించే ప్రతి మాటా మర్యాద కాదు. ఒకప్పుడు తెలంగాణలో దొర గడీ ముందు చేతులు కట్టుకుని "నీ బాంచన్ దొరా, కాల్మొక్త" అన్న మనిషి నోట వచ్చింది భయం. నీ బానిసనని తన నోటితో తానే చెప్పుకోవడం అది. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో జనం భూమి కోసం, వెట్టి పోవడం కోసం ఎంత కొట్లాడారో, తలెత్తి మాట్లాడడం కోసమూ అంతే కొట్లాడారు. మా గోదావరి వైపు మాత్రం తక్కువా? "చిత్తం, తవరి దయ" అన్న పాలేరుకు బదులుగా దక్కింది "ఒరేయ్". ఒకవైపు నుంచే వెళ్ళి అటునుంచి తిరిగి రానిదాన్ని మర్యాద అనలేం.

ఆ లెక్క ఇంకా తేలలేదు. అపార్ట్‌మెంట్లలో పిల్లలు పై అంతస్తు ఆఫీసరును "మీరు" అంటారు, తాత వయసు వాచ్‌మన్‌ను పేరు పెట్టి పిలుస్తారు. పెద్దవాళ్ళం పక్కనే ఉండి దిద్దం. తెలంగాణ పల్లెల్లో "నువ్వు" అన్నా దాని పక్కన "పెద్దనాయినా" అనో "అక్కా" అనో ఒక వరస ఉంటుంది, అది మనిషిని ఇంట్లోవాణ్ణి చేస్తుంది. వరసా లేకుండా, "అండీ" లేకుండా పిలిచే పిలుపే మనిషిని తక్కువ చేస్తుంది. "తాతా" అనమందామో, "అండీ" అనమందామో, అది మన మన ఊరి పద్ధతి. ఏదో ఒకటి ఈ రోజే పిల్లలకు నేర్పుదాం, వాళ్ళ ముందు మనమూ అందాం.