నీళ్లకు వీపు తిప్పినవాడు

హైదరాబాద్ శివారులోని హిమాయత్ సాగర్ జలాశయం గేట్లు ఎత్తారంటే గట్టంతా జాతరే. అందరి ఫోన్లూ నీళ్లవైపే. చేయి తిరిగిన వీధి ఫొటోగ్రాఫర్ మాత్రం నీళ్లకు వీపు తిప్పి నిలబడతాడు. అపర్చర్ ఎనిమిది, ఫోకస్ మూడు మీటర్లు, ముందే పెట్టేసుకుంటాడు. ఇక పనంతా కంటిదే. మక్కకంకులు కాల్చే ఆమె విసనకర్ర ఆపి కొంగుతో నుదురు తుడుచుకోబోతుంది. షట్టర్ తెరుచుకునేది సెకనులో 250వ వంతు. కాస్త ముందు నొక్కితే విసనకర్ర పడుతుంది, ఆలస్యమైతే కొంగు పడుతుంది, ఆమె మాత్రం దొరకదు. ఈ విద్యలో మనకు పెద్దదిక్కు వరంగల్ భరత్ భూషణ్. పత్రికల్లో ఉద్యోగం చేస్తూనే తెలంగాణ ఊళ్లు తిరిగి బతుకమ్మ ఆడే ఆడవాళ్లనూ, పల్లె ఇళ్ల తలుపులనూ, గోడలనూ ఫొటోలు తీశారు. ఆ ఫొటోల్లో మనుషులు కెమెరాకు బెదరరు. ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూస్తారు. నేను తీస్తే ఎవరైనా సరే ఆధార్ కార్డు మొహమే! 2022 జనవరిలో ఆయన వెళ్లిపోయారు. ఈసారి గేట్లు ఎత్తినప్పుడు మీరూ ఒక్క నిమిషం వెనక్కి తిరిగి జనాన్ని చూడండి.